గోగునార చుట్టిన మైకు బూర

మా నాన్న సన్నాయి వాయిస్తారు. డోలు మా మావది. మావంటే అమ్మకు తమ్ముడు. గుడిలో రెండు పూటలా వాయించే సేవ మా ఇంటి వంతు. అందుకని ఇచ్చిన మెట్ట భూమిలో వానలు పడితే కాసిని చోళ్లు, అంటే రాగులు, పండుతాయి, పడకపోతే అవీ లేవు. ఇల్లు నిజంగా నడిచేది పెళ్లిళ్ల మీదే. మాఘం, ఫాల్గుణం, వైశాఖం వస్తే రాజాం చుట్టుపక్కల ఊళ్లలో నాన్నకు తీరిక ఉండేది కాదు.

అరవై ఏడులో వచ్చిన ఎన్నికలు మా మేళాన్ని దెబ్బకొట్టాయి. అన్ని పార్టీలవాళ్లూ జీపుల మీద మైకు బూరలు కట్టుకుని ఊరూరా తిరిగారు. ఎన్నికలు అయిపోయాయి కానీ జనానికి ఆ చప్పుడు రుచి తెలిసింది. ఆ తర్వాత ప్రతి పెళ్లికీ తాటిచెట్టు మీద మైకు, కింద రికార్డుల పెట్టె. ఇంట్లో ఎంత బాగా జరిగినా పక్క ఊరికి వినపడకపోతే అదేం పెళ్లి అనే మాట మొదలైంది. మేళం ఉన్నచోట కూడా మధ్యలో ఎవరో ఒకరు వచ్చి, "బాబూ, ఇంక సాలు, రికార్డెయ్యాల" అనేవారు. నాన్న సన్నాయిని గుడ్డలో చుట్టేసుకుని పక్కకు జరిగేవారు.

మావ అందరికన్నా ముందే గరివిడి ఫ్యాక్టరీలో పనికి కుదిరాడు. పెళ్లి ఉంటే సెలవు పెట్టి డోలు తగిలించుకుని వచ్చేవాడు. ఆ ఏడు దీపావళికి వచ్చినప్పుడు నాన్నతో గేటు దగ్గర వాచ్‌మన్ పని గురించి చెప్పాడు.

"ఖాకీ బట్టలు ఫ్యాక్టరీ ఆలే ఇస్తారు బావా. కుర్సీ కూడా ఉంటాది. కూకుని వచ్చినోడ్ని ఎవులని అడగడమే."

"మాఘం ఎల్లనీ, సెప్తాను," అన్నారు నాన్న.

ఆ మాటకు అర్థం మా అందరికీ తెలుసు. ఈ మాఘంలో మేళాన్ని పిలిచేవాళ్లు ఉంటే సరే, లేకపోతే సన్నాయి అటకెక్కుతుంది, నాన్న ఫ్యాక్టరీ గేటు దగ్గర కూర్చుంటారు. నెలనెలా జీతం వస్తుందని అమ్మకు లోపల ఆశ ఉండే ఉంటుంది, కానీ పైకి అనలేదు. ఇక నేను మాట్లాడేదే తక్కువ. ఎవరైనా వస్తే వంటింట్లోకి పోయి, అన్నయ్య రాజాం లైబ్రరీ నుంచి తెచ్చిపెట్టే పుస్తకం ఒకటి పట్టుకుంటాను. చెప్పాలనుకున్నది డైరీలో రాసుకుంటాను. తెల్లవారకముందే నాన్న అరుగు మీద సాధకం చేస్తుంటే ఆ వరస వింటూ లేవడం నాకు పుట్టినప్పటినుంచీ అలవాటు. గరివిడి క్వార్టర్సులో ఎలా లేస్తాం అని మాత్రం ఆ రోజు రాసుకున్నాను.

సంక్రాంతి వెళ్లిన వారానికి రాజాం అవతలి ఊరినుంచి ఒక పెద్దాయన మా ఇంటికి వచ్చాడు. వాళ్లింట్లో పెళ్లంటే మా తాత కాలం నుంచీ మా మేళమే.

"మేళం వద్దని నానన్ను బాబూ. ఇంట్లో పిల్లా గుంటలు మాత్రం మైకు, మైకు అని నా పీక మీదెక్కి కూకున్నారు. రెండు పార్టీల్ని పిలిసే ఓపిక నాకు నేదు. రెండూ నువ్వే తెస్తానంటే సెప్పు, పెళ్లి నీదే," అన్నాడు.

నాన్న తల వంచుకున్నారు. తలుపు వెనక నుంచి అన్నయ్య గొంతు వినిపించింది.

"తెస్తాం బాబూ. రెండూ మేమే తెస్తాం."

ఆయన వెళ్లాక నాన్న అన్నయ్య వైపు చూశారు. "ఎక్కడ్నించి తెస్తావురా? మీ తాతగాని గోడలో దాసెట్టి పోయినాడేటి?"

అన్నయ్య రాజాంలో సైకిలు షాపులో పనిచేస్తాడు. అక్కడికి రకరకాల మనుషులు వస్తారు కాబట్టి వాడికి రకరకాల సంగతులు తెలుస్తాయి. గజపతినగరం దగ్గర డేరా వేసి సినిమాలాడించే ఒకాయన ఆ ఏడు డేరా ఎత్తేశాడట. ఆయన దగ్గర బ్యాటరీ మీద నడిచే యాంప్లిఫైరు ఉంది, మాట్లాడే మైకు ఉంది, బూర వెనక బిగించే యూనిట్ ఉంది. బూరొక్కటే లేదు. సామాను తరలిస్తుంటే కిందపడి బండి చక్రం కింద నలిగిపోయింది. బూర లేని సెట్టు ఎవరూ కొనడం లేదు. అన్నయ్య మర్నాడు తన సైకిలు మీద గజపతినగరం వెళ్లాడు. తిరిగి వచ్చేటప్పుడు బస్సు దిగాడు, భుజాన గోనెసంచిలో సెట్టు, చేతిలో ఆ నలిగిన బూర పట్టుకుని. సైకిలు ఆ సెట్టు కిందే పోయింది.

కొత్త బూర ధర కనుక్కోవడానికి వైజాగు కూడా వెళ్లాడు. ఆ ధర విని కొట్టువాడికి దండం పెట్టి వచ్చేశానన్నాడు. ఇక మిగిలిన దారి ఒకటే, చేయించుకోవడం.

నలిగిన బూర రేకు చిట్లిపోయి పనికిరాకపోయినా, కొలత కోసం దాన్ని అతుకు దగ్గర విప్పి, రోకలితో సాపుచేసి, నేల మీద పరిచాడు. దాని చుట్టూ బొగ్గుతో గీత గీశాడు. గీసినదాన్ని చూస్తే పెద్ద విసనకర్రలా ఉంది. చుడితే ఉమ్మెత్త పువ్వు. మెడ దగ్గర యూనిట్ బిగించే మరల ముక్క మాత్రం నలగలేదు, దాన్ని కోసి దాచాడు.

పక్క ఊళ్లో ఒక కంచరి ఉన్నాడు. మా వైపు పాత ఇత్తడి ఇస్తే కొత్త సామాను ఇస్తారు, చేసిన కూలి ఇచ్చుకుంటే చాలు. అల్యూమినియం రేకు కొనే శక్తి మాకు లేదు, ఇంట్లో ఇత్తడి ఉంది. అమ్మ పెరట్లోంచి చిల్లుపడ్డ బిందె, రెండు పాత దీపపు సెమ్మెలు, సొట్టపోయిన పళ్లెం తెచ్చి ముందు పెట్టింది. కూలికి బదులు తన కూతురి పెళ్లికి మేళం ఊరికే వాయించమన్నాడు కంచరి. నాన్న సరేనన్నారు. అప్పటికి ఇంకా మేళం ఉంటే కదా అని నేననుకున్నాను.

రేకు ఎంచడానికి నాన్నే స్వయంగా వెళ్లారు. నేనూ వెంట వెళ్లాను. సన్నాయి చివర గిన్నె కొనేటప్పుడు ఎలా చూస్తారో అలాగే చూశారు. ఒక్కొక్క రేకూ అంచు పట్టుకుని వేలాడదీసి గోటితో మీటి, చెవి దగ్గర పెట్టుకున్నారు. మొద్దుగా పలికినవి పక్కకు పెట్టేశారు. ఒక పలచటి రేకు ఖంగుమని, ఎంతసేపటికీ ఆగలేదు. నాన్న కళ్లు మూసుకుని అది పూర్తిగా అణగేదాకా విన్నారు.

"ఇదిరా! దీంట్లో ప్రాణం ఉన్నాది," అన్నారు.

బూర తయారై వచ్చిన రోజు మా ఇంట్లో పండగలా ఉంది. ఇంటికి వచ్చిన ప్రతివాళ్లూ ఒకసారి మీటి చూసేవారు. అది మోగేది. అమ్మ దానికి పసుపు రాసి బొట్టు పెట్టింది. ఇత్తడి బూర రాజాంలోనే లేదని అన్నయ్య ఊరంతా చెప్పుకొచ్చాడు.

పరీక్ష చేయడానికి నన్ను ఎంచారు. మైకు దగ్గర నుంచుని మాట్లాడటానికి కాదు, దూరంగా పోయి వినడానికి. "దీనికి ఇనడం తప్ప వేరే పని రాదు గదా, అదే సేయనీ," అన్నాడు అన్నయ్య. ఎగతాళికే అన్నాడు కానీ నాకు సంతోషమేసింది. వరి కోసేసిన మళ్లు దాటి, జీడితోట మొదట్లో నుంచున్నాను. వినపడితే తువ్వాలు ఊపాలి. పెరట్లో గడ్డిమేటు పక్కన గుంజకు బూర కట్టి, అన్నయ్య పంచాంగం చదవడం మొదలుపెట్టాడు. నాకు ముందే తెలిసిన పుస్తకం చదివితే చెవి తనంతట తానే మాటలు పూరించేస్తుందని, పంచాంగం చదవమని నేనే చెప్పాను.

శబ్దం వచ్చింది. జీడిచెట్ల మీద కాకులు లేచిపోయేంత వచ్చింది. నేను తువ్వాలు ఎత్తబోయి ఆగిపోయాను. ఎవరో అరుస్తున్నారని తెలుస్తోంది కానీ ఏమంటున్నారో తెలియడం లేదు. తర్వాత నాన్న సన్నాయి పట్టారు. పంచమం దగ్గరకు వచ్చేసరికి బూర తానూ అందుకుంది. నాన్న ఆ స్వరం వదిలేసినా అది వదల్లేదు.

తిరిగి వచ్చేసరికి అందరూ నా మొహం చూస్తున్నారు.

"ఏటే, ఇనపడిందా?"

"ఇనపడింది. మాటలు కావు."

"మాటలు కాకపోతే మరేటి?"

"గంట కొట్టేక గాలిలో మిగుల్తాది సూడు, అలాగుంది. నువ్వు తిథి సెప్తన్నావో, ఎవుల్నైనా తిడతన్నావో తెలీనేదు."

నాన్న సన్నాయి ఒళ్లో పెట్టుకుని దాని ఊదే పీక సరిచేసుకుంటున్నారు. "నానొకటి ఊదితే అదొకటి ఊదుతాది. నన్ను ఎక్కిరిస్తన్నట్టున్నాది," అన్నారు. కాసేపటికి మళ్లీ, "మీ మావకి కబురెట్టు. గేటు పనికి వస్తానని సెప్పు," అన్నారు.

అన్నయ్య కబురు పెట్టలేదు. బ్యాటరీ అయిపోయింది, దాన్ని నెత్తి మీద పెట్టుకుని రాజాం నడిచి వెళ్లాడు. యాసిడ్ కారుతుందని కండక్టరు బస్సెక్కనివ్వలేదు. ఛార్జి చేయించి తెచ్చేసరికి చొక్కాకు భుజం దగ్గర చిల్లులు పడ్డాయి. మళ్లీ నన్ను జీడితోటకు పంపాడు.

ఆ రోజు గాలి బాగా వీస్తోంది. మొదట అంతా మునుపటిలాగే ఉంది. అన్నయ్య చదువుతున్నాడు, బూర గుంయిమంటోంది, నేను తువ్వాలు భుజం మీదే ఉంచుకుని నిలబడ్డాను. ఉన్నట్టుండి, చెవిలో దూది తీసేసినట్టు, "శుక్రవారం, ఉత్తరాషాఢ, వర్జ్యం లేదు" అని వినిపించింది. అన్నయ్య నా పక్కనే నుంచుని చెప్పినంత స్పష్టంగా. తువ్వాలు పైకెత్తాను. రెండు మూడు తిథులు గడిచేలోపు మళ్లీ గంట మోత కలిసిపోయింది.

మళ్లకు అడ్డంగా పడి పరుగెత్తాను. వరి మోళ్లు కాళ్లకు గుచ్చుకున్నాయి.

"శుక్రవారం దగ్గర ఏటి సేసేవు?" అన్నాను ఆయాసపడుతూ.

"ఏటీ సెయ్యనేదు."

"ఏదో సేసేవు. శుక్రవారం, ఉత్తరాషాఢ అన్నప్పుడు!"

అన్నయ్య నాన్న వైపు, నాన్న అమ్మ వైపు చూశారు. అమ్మ చేతులు పమిటకు తుడుచుకుంది. "నానేటీ సెయ్యనేదమ్మా. గాలికి ఆ గుంజ ఒరిగిపోతంటే, ఇంటిల్లిపాదీ ఇత్తడి పోసి సేయించుకున్నది పడిపోతాదని కౌగిలించుకు నిలబడ్డాను. ఈడు వచ్చి కట్టేదాకా వదల్నేదు."

నాన్న లేచి బూర దగ్గరకు వెళ్లారు. గోటితో మీటారు. ఖంగుమంది. మళ్లీ మీటి వెంటనే అరచెయ్యి ఆనించారు. ఆగిపోయింది. మరోసారి మీటి, మరోసారి ఆపారు. నాన్న భుజాలు కదలడం చూసి ఏడుస్తున్నారేమో అని భయపడ్డాను. నవ్వుతున్నారు.

"మోగే రేకు కావాలని కంచరి సాలంతా వెతికేను గదే! మోగాల్సింది నాను, ఇది కాదు. నోరు మూసుకుని నా మాట మోసుకెళ్లేది కావాల మనకి. సిన్నప్పుడంతా తాళాలు పట్టినోడ్ని, సెయ్యి ఆనిస్తే తాళం నోరు మూస్తాదని నాకు తెలీదేటి!"

అమ్మను పెళ్లి మొత్తం బూరను పట్టుకు నిలబడమనలేం కదా. ఆ చెయ్యి బదులు ఏం చుట్టాలన్నది అమ్మే తేల్చింది. ఆ ఏటి గోగునార ఇంట్లో ఉంది. తాడు పేని సంతలో అమ్మడం అమ్మకు ఎప్పుడూ ఉన్న పనే. చింతపిక్కలు నానబెట్టి, రుబ్బి, ఉడికించి జిగురు చేసింది. మెడ దగ్గర మొదలుపెట్టి అంచు దాకా, తాడు పక్కన తాడు, సందు లేకుండా బిగించి చుట్టుకుంటూ వచ్చాం. జిగురు వాసనకు చీమలు బారులు కట్టాయి. పైన వేపనూనె రాయాల్సి వచ్చింది. ఎండాక మీటితే కొబ్బరికాయ మీద కొట్టినట్టు టక్కుమంది. పసుపు రంగులో మెరిసిన ఉమ్మెత్త పువ్వు పోయి, తేనెపట్టులాంటిది ఒకటి తయారైంది. అన్నయ్య మొహంలో ఆ రోజు కాస్త దిగులు కనిపించింది. వాడికి ఇత్తడి మెరుపే ఇష్టం. జీడితోట దగ్గర మాత్రం ప్రతి తిథీ వినిపించింది.

పెళ్లికి రెండెడ్ల బండి కట్టించుకుని వెళ్లాం. మావ గరివిడి నుంచి నేరుగా పెళ్లింటికే వచ్చాడు. బూరను చూసి ముక్కు మూసుకున్నాడు.

"ఏటి బావా ఇది? కందిరీగల గూడా? వేపనూనె వాసన కొడతన్నాది. పెళ్లికొడుకు పారిపోగలడు."

"నువ్వు డోలు సూసుకో," అన్నారు నాన్న.

మా వైపు పెళ్లింట మైకు కట్టేముందు అడగవలసిన మాట ఒకటుంది. బూర ఎటు చూడాలి? వియ్యాలవారి ఊరి వైపా, కొత్తగా చుట్టరికం కలపాలనుకున్న ఊరి వైపా, అది పెళ్లింటి పెద్ద చెప్పాలి. అన్నయ్య తాటిచెట్టు మీద నుంచి కేకేసి అడిగాడు. పెద్దాయన కండువా దులిపి గెడ్డ వాగుకు అవతలి ఊరు చూపించాడు. రెండూళ్లకీ గెడ్డ నీళ్ల దగ్గర తగవు, మాటల్లేవు.

"ఆ ఊరేపు తిప్పు. మా మళ్లకి నీళ్లు రానివ్వనేదు ఆలు. మా సన్నాయి మాత్రం ఆల సెవుల్లోకి ఎల్లాల."

నన్ను ఎప్పటిలాగే దూరానికి పంపారు. పెళ్లింట్లో అందరి మధ్యా ఎలా కూర్చోవాలా అని పొద్దుటినుంచీ మథనపడుతున్న నాకు అది వరమే. గెడ్డ ఒడ్డున, ఇవతలి గట్టు మీద తువ్వాలు పట్టుకుని నిలబడ్డాను. మధ్యాహ్నం ఎండ వాలుతోంది. నాన్న కల్యాణి మొదలుపెట్టారు. మైకుకు అలవాటు లేక మొదట మరీ వెనక నుంచున్నట్టున్నారు, సన్నగా వచ్చింది. తర్వాత దగ్గరకు జరిగారు. ఊపిరి తీసుకోవడం కూడా తెలిసింది. ఒకచోట ఆగి దగ్గి, మళ్లీ అందుకున్నారు. నేను తువ్వాలు ఎత్తి, దించడం మరిచిపోయాను.

అప్పుడే గెడ్డ అవతలి గట్టు దిగి, పంచె మోకాళ్ల పైకి ఎగగట్టి, ఒకాయన నీళ్లలోంచి ఇటు వస్తున్నాడు. మధ్యవయసు మనిషి. తగవుకు వస్తున్నాడనుకున్నాను.

"పాపా, ఆ మైకు పెళ్లింటిదేనా?"

తలూపాను.

"మా ఊరేపు తిప్పమన్నది ఆ ముసిలోడేనా?"

అప్పుడు గుర్తొచ్చి, ఎత్తిన తువ్వాలు దించాను.

"ఆడే అయ్యుంటాడు. మా పెద్దోళ్లు అరుగు మీద కూకుని తిడతన్నారు. తిడతానే ఇంటన్నారు." ఆయన గట్టెక్కి పంచె పిండుకున్నాడు. "ఒక్క ముక్క సెప్పు తల్లీ. మా కాడ పందెం పడ్డాది. అది రికార్డా, మడిసా?"

"మడిసే," అన్నాను.

"నానూ అదే అన్నాను! మధ్యలో దగ్గినాడు. రికార్డు దగ్గుతాదేటి? ఇంతకీ ఎవులు ఆయన?"

"మా నాన్న."

"మరి ఆ మైకు ఎవులది? ఎన్నికలప్పటి మైకులు గరగరలాడేవి. ఇది అలా నేదు."

"అదీ మాదే," అన్నాను. అంతటితో ఆగవచ్చు. కానీ ఆయన అడక్కుండానే రేకు సంగతి, అమ్మ పట్టుకున్న సంగతి, చింతపిక్కల జిగురు, చీమలు, వేపనూనె, అన్నీ చెప్పేశాను. పరాయి మనిషితో అన్ని మాటలు నేను ఎన్నడూ మాట్లాడలేదు. ఆయన నవ్వుతూ, గెడ్డం గోక్కుంటూ, మధ్యమధ్య సన్నాయి వైపు చెవి పెడుతూ విన్నాడు.

"ఫాల్గుణంలో మా పెద్దమ్మాయి పెళ్లి," అన్నాడు చివరికి. "మీ నాన్నతో సెప్పు. రేపు పొద్దున్న తాంబూలం అట్టుకుని మీ ఇంటికి వస్తాను. ఇదే మేళం, ఇదే బూర కావాల. బూర ఎటు తిప్పాలో ఇప్పుడే సెప్పేస్తన్నాను. ఇటేపు. ఈ ముసిలోడి గుమ్మం మీదకే."

ఊరి పేరు, ఇంటి గుర్తు చెప్పి, మళ్లీ పంచె ఎగగట్టి నీళ్లలోకి దిగిపోయాడు.

మేళం ఆగి, టీలు ఇచ్చే వేళకు నేను పందిట్లోకి వచ్చాను. నాన్న, మావ, అన్నయ్య డోలు చుట్టూ కూర్చుని ఉన్నారు. గట్టు మీద జరిగినదంతా చెప్పాను. అన్నయ్య ఒక్క గంతులో లేచాడు. ఎటు వెళ్లాలో తెలియక మళ్లీ కూర్చున్నాడు.

నాన్న టీ గ్లాసు కింద పెట్టారు. "దగ్గు కూడా ఇనపడిందా అక్కడికి?" అన్నారు సిగ్గుపడుతూ.

"ఇనపడింది. అందుకే మడిసని తెలిసిందంట."

నాన్న మావ వైపు తిరిగారు. "ఒరే, ఫాల్గుణంలో నీకు సెలవు దొరుకుతాదా?"

మావ నాన్న మొహంలోకి చూశాడు. గరివిడి మాట ఇక ఎత్తనక్కర్లేదని అప్పుడే తెలిసినట్టుంది.

"నీకు ఉద్యోగం ఇప్పిద్దారని నాను వస్తే, నా ఉద్యోగానికే ఎసరెట్టేలా ఉన్నావు బావా," అన్నాడు. అంటూనే డోలు ఒళ్లోకి లాక్కుని, తాడు బిగించి, శ్రుతి చూసుకోసాగాడు.